పెరటి మీటరు

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెళ్ళిరోజులకూ పుట్టినరోజులకూ రానంత సందడి కరెంటు బిల్లులకు వస్తుంది. ఆ అలవాటు పెట్టింది మా లక్ష్మీదుర్గ వదిన. మావారికి సొంత అక్క, తాడేపల్లిగూడెంలో ఉంటుంది. ప్రతి నెలా రీడింగు తీసే అబ్బాయి చీటీ చేతిలో పెట్టి గేటు దాటకముందే దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తుంది. కింద ఒకటే మాట రాస్తుంది: "మాది ఇదీ. మరి మీది?"

మాది ఎప్పుడూ ఆవిడ బిల్లుకు రెట్టింపు. వాళ్ళూ నలుగురే, మేమూ నలుగురమే. వాళ్ళకీ రెండు ఏసీలే, మాకూ రెండే. మరి ఏలూరు కరెంటుకి ఏం రోగమో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి వదిన "అఖిలా, ఇంట్లో ఐసు ఫ్యాక్టరీ ఏమైనా నడుపుతున్నారా?" అని రాస్తే గ్రూపులో అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. మావారు కిరణ్ కుమార్ కూడా పెట్టారు. చేపల మేత కంపెనీలో లెక్కలు చూసే మనిషికి ఇంటి లెక్క నవ్వులాటగా ఉందా అని నాకు ఒళ్ళు మండింది.

ఈ ఏడాది ఎండలు మార్చిలోనే మొదలయ్యాయి. నేను పొదుపు మొదలుపెట్టాను. ఏసీని ఇరవై ఆరు కన్నా కిందికి దింపనివ్వలేదు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు, ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు బకెట్టులో పట్టి ఇల్లు తుడవడానికి. కారే కుళాయిలన్నింటికీ వాషర్లు మార్పించాను. పిల్లలు స్నానానికి రెండో బకెట్టు అడిగితే వాళ్ళేదో దొంగతనం చేసినట్టు చూసేదాన్ని. ఇంత చేస్తే నెలాఖరుకి తగ్గింది పదిహేను యూనిట్లు. ఆ చీటీ గ్రూపులో పెట్టడానికి కూడా నాకు ముఖం చెల్లలేదు.

మా ఇంటి వెనక, పెరటివైపు, ఒక గదీ వంటిల్లూ ఉన్న చిన్న వాటా ఉంది. అందులో దేవకుమారి, ఆమె కూతురు జాయ్సీ అద్దెకుండేవాళ్ళు. కొల్లేటి లంకల్లో పుట్టిన మనిషి, కూతురి చదువు కోసం ఊళ్ళోకి వచ్చింది. తెల్లవారుతూనే మార్కెట్టుకు వెళ్ళి చేపలు కొని మా కాలనీలో ఇంటింటికీ తిరిగి అమ్మేది. మిగిలినవి పాడైపోకుండా పోయినేడు ఒక పాత ఫ్రిజ్జు కొనుక్కుంది. వాళ్ళ మీటరు మా మీటరు పక్కనే, వరండా గోడకి ఉంటుంది. రెండూ మన పేరునే ఉంటే రేపు మనకే చిక్కు అని దానికి దేవకుమారి ఆధార్ ఎక్కించింది మావారే.

ఏసీ సర్వీసుకి వచ్చిన సాల్మన్ నా గోడు విని నవ్వాడు. మా కాలనీలో కరెంటు పనులన్నీ అతనే చేస్తాడు.

"అంతా ఒకే మీటరు మీద పడితే పై స్లాబులోకి పోద్దండి. అక్కడ యూనిట్టుకి రేటెక్కువ. ఆ పెరటి మీటరు ఖాళీగానే ఉంది కదండీ. ఒక ఏసీ దాని మీదకి మార్చారనుకోండి, రెండూ కింద స్లాబులోనే ఉంటాయండి."

"అలా చేయొచ్చా?"

"చేయకూడదండి," అన్నాడు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ. "అందరూ చేస్తున్నారండి."

ఒక్క ఏసీతో ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. కానీ ఒక ఏసీ మారిస్తే మా బిల్లు వదిన బిల్లుతో సమానమవుతుందంతే. నాకు సమానం సరిపోదు. అందుకని రెండో ఏసీ కూడా మార్పించాను. సాల్మన్ నిచ్చెన దిగుతుంటే, "ఎలాగూ వచ్చావు కదా, నీళ్ళ మోటారు కూడా మార్చెయ్యి," అన్నాను. ఇంట్లో కరెంటు తాగేవన్నీ పెరటి మీటరు మీదకి పోయాయి. మా మీటరు మీద ఫ్యాన్లూ టీవీ మిగిలాయి. రెండు బిల్లులూ మేమే కడతాం కాబట్టి ఎవరికీ నష్టం లేదని మావారూ నేనూ అనుకున్నాం. గ్రూపులోకి వెళ్ళేది మాత్రం ఒక చీటీయే.

దేవకుమారితో, "ఈ ఎండాకాలం మీ కరెంటు బిల్లు నువ్వు కట్టనక్కర్లేదులే. మేం కట్టేస్తాం," అన్నాను.

ఆమె చేపల బేసిను కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. "ఎందుకండీ?"

"జాయ్సీకి పదో తరగతి పరీక్షలు కదా. ఫ్యాను వేసుకుని హాయిగా చదువుకోనీ."

ఆ మాట నా నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో! చెప్పాక నాకే ముచ్చటేసింది. మర్నాడు దేవకుమారి మంచి కొరమీను శుభ్రం చేసి, ముక్కలు కోసి, మూత గిన్నెలో పెట్టి తెచ్చింది. డబ్బులు ఎంత ఇచ్చినా తీసుకోలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, "మీ ఇంట్లో అందరి పేర్లూ చెప్పి ప్రార్థన చేయించామండి," అంది. ఆ రాత్రి ఏసీ గదిలో పడుకుంటే నాకు కాసేపు నిద్ర పట్టలేదు. తరవాత పట్టింది.

ఆ నెల నా చీటీ గ్రూపులో పెట్టి, కింద వదిన మాటే రాశాను: "మాది ఇదీ. మరి మీది?" వదిన నుంచి రోజంతా ఉలుకూ పలుకూ లేదు. సాయంత్రం ఫోన్ చేసింది.

"ఏం మాయ చేశావే అఖిలా?"

"మాయేముంది వదినా, అలవాట్లు మార్చుకున్నాం," అన్నాను.

జూన్‌లో బడి డబ్బుల జాబితా వచ్చింది. చదువుకునే పిల్లల తల్లుల ఖాతాలో ప్రభుత్వం వేసే డబ్బులవి. జాయ్సీ పదో తరగతి మంచి మార్కులతో పాసై, ఊళ్ళోనే ఇంటర్లో సీటు తెచ్చుకుంది. ఆ డబ్బులు పడగానే ఫీజు కట్టి చేరడమే తరువాయి. ఆ సంగతి మాకూ తెలుసు, ఎందుకంటే దేవకుమారి కనబడినవాళ్ళందరికీ ఆ సీటు గురించే చెప్పేది.

ఒక మధ్యాహ్నం తలుపు కొట్టింది. నేను చేతిలో రిమోటుతోనే తీశాను. లోపలి చల్లగాలి ఒక్కసారిగా తగిలి ఆమె కళ్ళు మూసుకుంది. రా అంటే గుమ్మం బయటే నిలబడింది.

"చేపల వాసనండి, లోపలికి రానులెండి. వార్డు సచివాలయానికి వెళ్ళొచ్చానండి. మా జాయ్సీకి డబ్బులు పడవంటండి."

"అదేంటి?"

"మా మీటరు మీద కరెంటు నెలకి మూడొందల యూనిట్లు దాటిందంటండి. అలా దాటినోళ్ళకి రావంటండి." ఆమె తల దించుకుంది. "తప్పు నాదేనండి. మీరు కడుతున్నారు కదా అని ఒళ్ళు తెలియకుండా వాడేశాను. ఆ పాత ఫ్రిజ్జే తాగేసుంటదండి. పాపం, నా మూలాన మీరెంత కట్టారోనండి. ఏమీ అనుకోకండి, అఖిలగారూ."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను రిమోటు చీరకొంగులో దాచుకున్నాను. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఇది: "ఫర్వాలేదులే, దేవకుమారీ."

చేయని తప్పుకి ఆమె క్షమించమంటే, చేసిన నేను పెద్దమనసు చేసుకుని క్షమించేశాను. తలుపు వేసుకున్నాను.

సాయంత్రం మావారితో అన్నాను. "ఏవండీ, చెప్పేద్దామండీ."

"ఏమని చెబుతాం? లైన్‌మన్ వచ్చి చూశాడంటే ఫైనేస్తారు. కాలనీలో తలెత్తుకు తిరగగలమా? దానికన్నా జాయ్సీ ఫీజు మనమే కట్టేద్దాం. సాయం చేశామంటే సరిపోతుంది."

"ఇప్పటికే ఒక సాయం చేశాం కదండీ," అన్నాను.

ఆయన పెరుగన్నం కలుపుకున్నారు. కనీసం తీగలైనా వెనక్కి మార్పిద్దామని అనుకున్నాం. సాల్మన్‌కి ఫోన్ చేద్దామనుకున్న ప్రతి రోజూ ఎండ నిన్నటికన్నా ఎక్కువగా ఉండేది. పిల్లలు నిద్రపోలేరు, వాన పడ్డాక మార్పిద్దాం అనుకున్నాం. ఏలూరులో వాన ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు?

దేవకుమారి మాత్రం ఆ రోజే పొదుపు మొదలుపెట్టింది. ఫ్రిజ్జు ప్లగ్గు పీకేసింది. పడక ఆరుబయట చాప మీదకి మారింది. పరీక్షలు అయిపోయిన పుస్తకాల అట్టతో జాయ్సీ తల్లికి విసురుతూ ఉండేది. మోటారు వేస్తే మా కరెంటు కాలుతుందని ఆ పిల్లే వీధి కుళాయి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చేది. మా పెరట్లో కుళాయి ఉండగా ఎందుకమ్మా అంటే, "మళ్ళీ మీ మీద భారమెందుకండీ," అనేది. సాయంత్రాలు దేవకుమారి బేసిను ఎత్తుకుని రెండోసారి తిరగడం మొదలుపెట్టింది. పొద్దున మిగిలిన చేపలు తెల్లారేదాకా ఆగవు కాబట్టి వచ్చిన రేటుకి ఇచ్చేసేది. కాలనీ ఆడవాళ్ళకి ఆ కబురు ఎంత తొందరగా పాకిందో! మా ఎదురింటావిడ నన్ను గేటులోంచి పిలిచి, "అఖిలగారూ, సాయంత్రం దాకా ఆగండి, సగానికి సగం ఇచ్చేస్తోంది," అని రహస్యం చెప్పినట్టు చెప్పింది. నేను ఆ రోజు బేసినులో ఉన్నవన్నీ కొన్నాను. పొద్దుటి రేటు ఇస్తే దేవకుమారి ఎక్కువైన డబ్బులు లెక్కపెట్టి నా చేతిలో పెట్టేసింది. పులుసు బాగుందని పిల్లలు మారు వడ్డించుకున్నారు. నేను మజ్జిగన్నంతో లేచాను.

మరో నాలుగు రోజులకి, పొద్దున్నే, ఆమె వరండా గోడ దగ్గర నిలబడి ఉంది. ఖాళీ బేసిను నడుం మీద ఉంది.

"అఖిలగారూ, ఒకసారిలా వస్తారాండీ?"

వెళ్ళాను. పెరటి మీటరులో, కరెంటు కాలినప్పుడు మాత్రమే వెలిగే చిన్న ఎర్రలైటు గబగబా కొట్టుకుంటోంది.

"మా ఇంట్లో లైటు లేదండి, ఫ్యాను లేదండి. ఫ్రిజ్జు ప్లగ్గు పీకేసి ఎన్నాళ్ళో అయింది. ఏదీ వేయకపోయినా ఈ లైటు ఆగట్లేదండి. మీటరు ఏమైనా పాడైందంటారా?"

లోపల పిల్లలింకా నిద్రలేవలేదు. మా ఇద్దరి తలల మీదా గోడకున్న ఏసీ పెట్టెలు హోరుమంటున్నాయి. ఆ హోరులోనే అన్నాను.

"పాత మీటరు కదా. అలాగే కొట్టుకుంటుందిలే."

దేవకుమారి నా వైపు చూడలేదు. ఏసీ గొట్టం కింద నేను పొదుపు కోసం పెట్టిన బకెట్టులో నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. కాసేపు ఆ బకెట్టు కేసి చూసింది.

"అలాగాండీ," అని బేసిను సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం లక్ష్మీదుర్గ వదిన గూడెం నుంచి దిగింది. వచ్చిందే మా ఇంటి రహస్యం కనిపెట్టడానికి. వంటింట్లో గిన్నెలు కడిగే చోటు చూసింది, స్నానాల గదిలో బకెట్లు చూసింది, ఏసీ రిమోటు పట్టుకుని ఎంతలో ఉందో చూసింది. ఏమీ దొరక్క చివరికి హాల్లో కూర్చుని నేను కోసిచ్చిన మామిడి ముక్కలు తింటూ, "ఒప్పుకుంటున్నానే తల్లీ. నువ్వు ఇల్లాలివంటే ఇల్లాలివి," అంది. అన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. ఆ మాట వింటుంటే ఎక్కడైనా దాక్కుందామనిపించింది.

అప్పుడే దేవకుమారీ జాయ్సీ గుమ్మం దగ్గరికి వచ్చారు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, ఇద్దరూ తెల్లబట్టల్లో ఉన్నారు.

"చెప్పి వెళ్దామని వచ్చామండి. రేపు పొద్దున్న జాయ్సీని ఉంగుటూరు పక్కన రొయ్యల షెడ్డులో చేర్పిస్తున్నాను. మా ఆడపడుచు అక్కడే రొయ్యలు ఒలుస్తదండి. ఏడాది పనిచేస్తే వచ్చే ఏడు కాలేజీ చూసుకోవచ్చని."

వదిన చేతిలో మామిడి ముక్క ఆగింది. "అదేంటి, మంచి మార్కులొచ్చాయన్నారుగా?"

"వచ్చాయండి. మేమే కరెంటు ఎక్కువ కాల్చేశామంట, డబ్బులు ఆపేశారు."

"అదిగో, నేను మొత్తుకునేది అదే!" వదిన నా భుజం మీద చెయ్యేసింది. "ఇంత పెద్దిల్లు, రెండు ఏసీలు, పిల్లలు. మా అఖిల చూడు ఎంత తక్కువ కాలుస్తుందో. పక్కనే ఉండి ఆవిడని చూసి నేర్చుకోకూడదూ?"

"అవునండి," అంది దేవకుమారి. ఆ మెత్తటి గొంతులో ఏ తేడా లేదు. "ఎలాగో నాకూ కాస్త చెప్పండి, అఖిలగారూ."

జాయ్సీ తలెత్తి నన్ను చూసింది. నీళ్ళు మోసి మోసి ఆ పిల్ల అరచేతులు కందిపోయి ఉన్నాయి. మావారు సోఫాలోంచి, "అఖిలా, కాఫీ..." అని ఏదో అనబోయారు.

"ఆ కరెంటు నీది కాదు, దేవకుమారీ," అన్నాను. "మాది. మా ఏసీలు రెండూ, మోటారూ మీ మీటరు మీద నడుస్తున్నాయి. నేనే మార్పించాను."

వదిన చెయ్యి నా భుజం మీద నుంచి దిగింది. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆ ఇంట్లో ఏడ్చే హక్కు నాకు లేదని తెలిసి ఆపుకున్నాను. "ఫీజు మేం కడతాం. రేపే కట్టేస్తాం. పుస్తకాలకి కూడా," అని గబగబా అన్నాను.

దేవకుమారి ఆశ్చర్యపడలేదు. నేను ఆ ముఖంలో ఆశ్చర్యం కోసం వెతికాను.

"ఫీజు వద్దండి. ఇప్పుడన్న మాట సచివాలయంలో కూడా అంటారాండీ? అక్కడ నా వెనక నిలబడ్డావిడ అందండి, ఇంట్లో ఏసీలు పెట్టుకుని బీదోళ్ళమని వస్తారు అని. జాయ్సీ కూడా ఉందండి అప్పుడు."

సోమవారం వాళ్ళిద్దరూ షెడ్డు బస్సు ఎక్కలేదు. నాతో సచివాలయానికి వచ్చారు. మావారినీ రమ్మని అడుగుదామనుకున్నాను గానీ ఆయన అప్పటికే బండి మీద బయటికి వెళ్ళిపోయారు. సచివాలయంలో జనం నిండా ఉన్నారు. పైన ఫ్యాను టకటకలాడుతోంది. కంప్యూటరు ముందున్న అమ్మాయి అంతా విని, "ఓనరు వచ్చి చెబితే, లైన్‌మన్ చూసి రిపోర్టిస్తే, దరఖాస్తు మళ్ళీ పంపిస్తామండి," అంది. కాగితం ముందుకు లాక్కుంది. "అయితే ఏసీలు ఎవరివండీ?"

"మావి," అన్నాను.

"కాస్త గట్టిగా చెప్పండి, ఫ్యాను గోలలో వినపడట్లేదు."

"మావేనండి! మావి!"

వరసలో వాళ్ళందరూ తిరిగి చూశారు. వాళ్ళలో మా ఎదురింటావిడ కూడా ఉంది. దేవకుమారి కూతురి చెయ్యి పట్టుకుని తిన్నగా నిలబడి ఉంది. సంతకం పెట్టి తలెత్తేసరికి గుమ్మం దగ్గర మావారు కనిపించారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో. వచ్చి, కలం తీసుకుని, నా పేరు కింద ఆయన సంతకం కూడా పెట్టారు.

లైన్‌మన్ వచ్చి చూసి రాసుకెళ్ళాడు. మాకు ఫైను పడింది. సాల్మన్ తీగలన్నీ వెనక్కి మార్చాడు, ఈసారి నవ్వలేదు. రెండో జాబితాలో దేవకుమారి పేరు వచ్చింది. కాలేజీవాళ్ళు సీటు ఉంచారు. మూడు వారాల పాఠాలు పోయినా జాయ్సీ చేరింది. గ్రూపులో నేను అంతా రాశాను. ఒక్క నవ్వే బొమ్మ కూడా రాలేదు. తరవాతి నెల నుంచి వదిన చీటీ పెట్టడం మానేసింది.

ఆగస్టులో దేవకుమారి వాటా ఖాళీ చేసింది. కాలేజీకి దగ్గరగా ఇల్లు దొరికిందండి అని చెప్పింది. నేను ఎక్కువ అడగలేదు. ఫ్రిజ్జు ఆటోలోకి ఎక్కించాక తాళం చేతికిస్తుందని చూస్తుంటే, వరండా గోడ దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"లోపల స్విచ్చిలన్నీ కట్టేశానండి. ఒకసారి చూసుకోండి."

పెరటి మీటరులో ఎర్రలైటు కొట్టుకోవడం లేదు. ఇద్దరం దాని కేసి చూస్తూ నిలబడ్డాం. పైన మా ఏసీ పెట్టె హోరు వినిపిస్తూనే ఉంది.

"మంచి మీటరేనండి," అంది తాళం నా చేతిలో పెడుతూ. "పాతదైనా."

ఆమె గొంతులో వెటకారం కోసం వెతికాను. లేదు. ఉంటే బాగుండేదనిపించింది. "వెళ్ళొస్తామండి, పిల్లలు జాగర్తండి," అని ఆటో ఎక్కింది. నేను ఆ తాళం పట్టుకుని ఆగిపోయిన ఆ లైటు ముందే నిలబడ్డాను.